గోదారి నడుమ ఒక లంక

"మామా, శ్రీలంక పోదామా?" అని మా మేనల్లుడు అడిగాడు. అనురాధపురంలో బోధివృక్షం, యాల అడవిలో చిరుతపులి, చుట్టూ సముద్రం. వారం రోజుల్లో అన్నీ చూసి రావచ్చని కాగితం మీద లెక్కలు కూడా వేసుకొచ్చాడు. లెక్కలు బాగానే ఉన్నాయి గానీ నా మోకాళ్లు ఒప్పుకోలేదు. "పాత బౌద్ధం, చుట్టూ నీళ్లు, పక్కనే అడవి. ఇవే కదా కావాల్సింది? పొద్దున్నే జగిత్యాలలో బయల్దేరితే పూట తిరక్కముందే చూపిస్తా" అన్నాను. వాడు నమ్మలేదు. నమ్మకపోయినా కారు తీశాడు.

ఆ రెండు రోజుల తిరుగుడులో దారి పొడుగునా వాడికి చెప్పిన సంగతులే ఇవి. కొన్ని చూసినవి, కొన్ని చదివినవి. వరస కోసం వెతక్కండి. గోదారి ఎటు మళ్లితే మాటలూ అటే మళ్లాయి.

లంక అంటే

తెలుగులో లంక అంటే నది నడుమ మేట వేసిన నేల. కోనసీమ మనిషి ముందు లంక అంటే అతనికి రావణుడికంటే ముందు పొగాకు గుర్తొస్తుంది. మన ఎగువ గోదారిలో ఆ మాట వాడుక తక్కువే, కానీ అలాంటి నేల మాత్రం ఉంది. నిర్మల్ జిల్లా ఖానాపూర్ దగ్గర గోదారి రెండు పాయలుగా చీలి, ఒక ఊరిని చుట్టుకుని, మళ్లీ కలిసిపోతుంది. ఆ ఊరి పేరు బాదనకుర్తి. ఇవతల పాత ఆదిలాబాదు, అవతల పాత కరీంనగరం. వంతెన దాటి అవతలి ఒడ్డెక్కితే జగిత్యాల జిల్లా. వానకాలం నిండు గోదారి వచ్చినప్పుడు తెలుస్తుంది ఊరు దీవి అని. ఎండాకాలం పోతే బండలు, ఇసుక, మోకాలిలోతు మడుగులు. ఎగువన శ్రీరాంసాగర్ నీళ్లు ఆపుతుంది మరి.

మేం పోయింది ఎండలు ముదిరాకే. మావాడు వంతెన మీద కారాపి కిందికి చూసి, "ఇదా లంక?" అన్నాడు. ఇదే. దీని కథ రాసి ఉన్న పుస్తకానికి రెండువేల ఏళ్ల పైమాటే.

నూట ఇరవై ఏళ్ల బావరి

పాళీ త్రిపిటకంలో సుత్తనిపాతం అని ఒక పుస్తకం ఉంది. బౌద్ధ సాహిత్యంలో అతి పాత భాగాల్లో అదొకటని పండితులు అంటారు. దాని చివరి అధ్యాయం పారాయణవగ్గం. అది మొదలయ్యేదే మన గోదారి ఒడ్డున.

కోసల దేశం నుంచి బావరి అనే బ్రాహ్మణుడు దక్షిణాపథానికి వచ్చాడు. అస్సక రాజ్యంలో, గోదావరి తీరాన, చేలల్లో రాలిన గింజలూ పళ్లూ తింటూ ఉండిపోయాడు. అస్సకమంటే అశ్మకం. బుద్ధుడి నాటి పదహారు మహాజనపదాల్లో వింధ్యకు దక్షిణాన ఉన్నది ఇదొక్కటే. బావరి ఉన్నచోటికి దగ్గర్లో ఒక ఊరు పెద్దదైంది. దాని రాబడితో ఆయన ఒక మహాయజ్ఞం చేశాడు. ఉన్నదంతా దానం చేసి చేతులు దులుపుకుని ఆశ్రమానికి వచ్చేసరికి ఇంకో బ్రాహ్మణుడు దిగబడ్డాడు. కాళ్లు ఒరుసుకుపోయి, పళ్లు పాచిపట్టి, నెత్తి నిండా దుమ్ముతో. ఐదువందలు ఇమ్మన్నాడు. ఇవ్వడానికి బావరి దగ్గర ఏమీ మిగల్లేదు. "ఇవ్వకపోతే ఏడోరోజుకు నీ తల ఏడు చెక్కలవుతుంది" అని శాపం పెట్టి పోయాడా వచ్చినవాడు.

బావరి తిండి మానేశాడు. శాపం నిజమో అబద్ధమో, భయం మాత్రం నిజం. అప్పుడొక దేవత వచ్చి, వాడికి తలంటే ఏమిటో, తల పగలడమంటే ఏమిటో తెలియదు, తెలిసినవాడు ఒక్కడే, అతను ఉత్తరాన ఉన్నాడు అని బుద్ధుడి పేరు చెప్పింది. బావరికి నూట ఇరవై ఏళ్లు. నడవలేడు. పదహారుగురు శిష్యులను పంపాడు. అజితుడు, పుణ్ణకుడు, మోఘరాజు, పింగియుడు, ఇంకా పన్నెండుగురు.

వాళ్లు నడిచిన దారి పద్యాల్లో ఊరు తర్వాత ఊరుగా ఉంది. ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతం, శ్రావస్తి, కపిలవస్తు, కుశినగరం, వైశాలి, చివరికి మగధలో రాజగృహం దగ్గరి పాషాణక చైత్యం. దక్షిణాపథపు రహదారి ఎటు పోయేదో చెప్పాలంటే చరిత్రకారులు ఇప్పటికీ ఈ జాబితానే ముందు తీస్తారు. ఇప్పుడు రైల్లో పోయినా రెండు రాత్రుళ్లు పట్టే దూరం, వాళ్లు పోయింది కాలినడకన.

బావరి ఇంకో తిరకాసు పెట్టి పంపాడు. ప్రశ్నలు నోటితో అడగొద్దు, మనసులో అనుకోండి, నిజంగా బుద్ధుడైతే నోటితో జవాబు చెప్తాడు అని. అజితుడు మనసులో అడిగాడు. మా గురువు వయసెంత? గోత్రమేమిటి? ఒంటిమీద గుర్తులెన్ని? జవాబులు ఒక్కొక్కటే వచ్చాయి. ఆ తర్వాత అసలు ప్రశ్న. తలంటే అజ్ఞానం, దాన్ని పగలగొట్టేది జ్ఞానం అన్నాడు బుద్ధుడు. శాపం అక్కడితో ఆవిరైంది.

ఆ పదహారుగురిలో మోఘరాజుకు తర్వాత ఒక పేరొచ్చింది. ముతక బట్ట కట్టడంలో అతన్ని మించిన భిక్షువు లేడట. బట్ట ముతక, కుట్టు ముతక, అద్దిన రంగు కూడా ముతకే. మన నేత ఊళ్లవాళ్లు వింటే ఏమనేవారో!

మామ మీద మనసు

నాకు ఈ కథలో నచ్చిన మనిషి పింగియుడు. వ్యాఖ్యానం ప్రకారం అతను బావరికి మేనల్లుడు. అతనూ ముసలివాడే. ఒంట్లో సత్తువ లేదు, కళ్లు సరిగా ఆనవు, చెవులు సరిగా వినబడవు అని బుద్ధుడితోనే చెప్పుకున్నాడు. మిగతా పదిహేనుగురూ ఆ బోధ వింటూనే అర్హతులైపోయారు. పింగియుడొక్కడు ఒక మెట్టు కింద ఆగిపోయాడు. కారణం చూడండి: వింటున్నంతసేపూ "ఇంత మంచిమాట మా మామ వినలేకపోయాడే" అన్న ఆలోచనేనట.

తిరిగొచ్చింది కూడా అతనే. అంతదూరం వెనక్కి నడిచి, గోదారి ఒడ్డుకు చేరి, విన్నదంతా మామకు చెప్పాడు.

ఇది చెప్తుంటే మావాడు ఫోన్‌లో శ్రీలంక హోటళ్ల రేట్లు చూస్తున్నాడు.

మూడు యోజనాల పేచీ

సుత్తనిపాతంలో గోదావరి తీరం అనే ఉంది, దీవి అని లేదు. దీవి మాట వచ్చేది దాని అట్ఠకథలో, అంటే వ్యాఖ్యానంలో. గోదావరి అక్కడ రెండుగా చీలి మూడు యోజనాల దీవిగా ఏర్పడిందనీ, దాని నిండా కపిత్థవనమనీ, బావరికంటే ముందు శరభంగుడిలాంటి మునులు అక్కడ ఉండేవారనీ ఉంటుంది. ఆ దీవే బాదనకుర్తి అని తెలంగాణ చరిత్ర రాసినవాళ్లు కొందరు గుర్తించారు.

కాదనేవాళ్లూ ఉన్నారు. యోజనం ఎంత తక్కువ లెక్కేసినా మూడు యోజనాలంటే ఇరవై కిలోమీటర్ల పైమాటే, బాదనకుర్తి అంత లేదు. బావరి చోటు ఎగువన ఎక్కడో పైఠాన్ వైపు ఉంటుందని వాదించేవారు కొందరు. నా మటుకు నేను రెండు వైపులా సగం సగం తూగుతాను. వ్యాఖ్యాత గోదారిని చూసి రాశాడో లేదో గానీ, నది చీలి దీవి కట్టే చోటు అశ్మకంలో ఉందని మాత్రం ఎవరి ద్వారానో విన్నాడు. ఎవరో ఒకరు చూసి ఉండకపోతే ఆ మాట పుట్టదు.

వెలగపండు

కపిత్థమంటే వెలగ. వినాయక చవితి ముందురోజు బజారులో పత్రితోపాటు అమ్ముతారే, క్రికెట్ బంతంత, తెల్లటి గరుకు డిప్ప ఉన్న కాయ, అదే. పండిందో లేదో తెలియాలంటే కొంచెం ఎత్తు నుంచి కింద పడేయాలి. ఎగిరితే కాయ, చతికిలబడితే పండు. రాయి మీద కొట్టి డిప్ప విప్పితే లోపల చింతపండు రంగు గుజ్జు, నిండా గింజలు, ముక్కుపుటాలు అదిరే పులిసిన వాసన. అంత బెల్లం వేసి కలిపితే చెంచా వదలబుద్ధి కాదు. బెల్లం లేకుండా తిన్నవాడి మొహం చూడాలి.

వృక్షశాస్త్రం పుస్తకాల్లో దాని పాత లాటిన్ పేరు ఫెరోనియా ఎలిఫాంటమ్. పేరులోనే ఏనుగుంది. మన సుమతీ శతకకారుడు సంపద పోవడాన్ని ఏనుగు మింగిన వెలగపండుతో పోల్చాడని చిన్నప్పుడే బట్టీ పట్టాం. పైకి డిప్ప చెక్కుచెదరదు, లోపల గుజ్జు మాయం. అక్కడ "కరి" అంటే ఏనుగు కాదు, పండును లోపల్నించి డొల్ల చేసే ఒక పురుగు అనే పండితులూ ఉన్నారు. నాకు ఏనుగే ఇష్టం. దాని కథ ఇంకా ఉంది, ముందుకు పోతే వస్తుంది.

ఆ లంకలో దాచిన ఈ లంక

బావరి కథ మన దగ్గర మిగల్లేదు. ఏ తాటాకులోనూ, ఏ జానపద కథలోనూ బావరి పేరు మనకు తగలదు. మిగిలింది ఎక్కడంటే శ్రీలంకలో. నోటినోటా వచ్చిన త్రిపిటకాన్ని క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో, వట్టగామణి అభయుడి కాలంలో, మాతలే దగ్గరి అలువిహారంలో భిక్షువులు తాటాకుల మీదికి ఎక్కించారు. కరువులతో, యుద్ధాలతో కంఠస్థం చేసినవాళ్లు పోతే పాఠమే పోతుందన్న భయం. ఐదో శతాబ్దంలో బుద్ధఘోషుడు అనురాధపురం మహావిహారంలో కూర్చుని పాత సింహళ వ్యాఖ్యానాలను పాళీలోకి తెచ్చాడు. మన వెలగవనం దీవి మాట ఉన్న వ్యాఖ్యానం కూడా సంప్రదాయం ప్రకారం ఆయనదే.

రాకపోకలు ఇటువైపు నుంచీ ఉండేవి. నాగార్జునకొండలో 3వ శతాబ్దపు ఇక్ష్వాకుల కాలంలో సింహళ విహారం ఉండేది. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో తంబపణ్ణి, అంటే శ్రీలంక, పేరు రాసి ఉంది.

ఆ పాళీ పుస్తకాల్లోనే అశ్మక రాజు పేరుతో ఒక జాతక కథ కూడా ఉంది. అస్సకుడు పోతలి నగరాన్ని ఏలేవాడు. ఆ పోతలే మన బోధన్ అంటారు, కథ మాత్రం దాన్ని కాశీ రాజ్యంలో పెట్టింది. రాణి చనిపోతే రాజు శవాన్ని నూనెలో పెట్టి మంచం కింద ఉంచుకుని ఏడుస్తూ కూర్చుంటాడు. ఒక ముని వచ్చి, నీ రాణి ఇదిగో అని తోటలో పేడపురుగును చూపిస్తాడు. ముని మహిమతో మాట వచ్చిన ఆ పురుగు, "రాజుకంటే ఇప్పుడు నాకు ఈ పేడపురుగు మొగుడే ముద్దు" అంటుంది. రాజు లేచి శవాన్ని తీయించి, తలంటుకుని, ఇంకో పెళ్లి చేసుకుంటాడు. వెనక్కి తిరిగి ఒక్క కన్నీటిబొట్టు కూడా రాల్చడు.

పులి లేని లంక, చిరుతలు దాక్కునే కవ్వాల

శ్రీలంక అడవిలో పులి లేదు. అక్కడ చిరుతదే రాజ్యం, దానిమీద చేయి చేసుకునే జంతువు లేదు కాబట్టి పట్టపగలు బండల మీద తీరిగ్గా కాళ్లు చాపుకుని పడుకుంటుంది. యాలలో జనం ఫొటోలు తీసేది ఆ దర్జానే. మన కవ్వాలలో చిరుతకు అంత భోగం లేదు. పెద్దపులి వాసన తగిలితే చెట్టెక్కాలి.

ఖానాపూర్ దాటి జన్నారం వైపు పోతుంటే రోడ్డుకు రెండువైపులా టేకు మొదలవుతుంది. 1965లో అభయారణ్యమైన కవ్వాల, 2012లో పులుల అభయారణ్యమైంది. నట్టడవి భాగమే 893 చదరపు కిలోమీటర్లు. ఇక్కడి పులుల్లో వచ్చిపోయేవే ఎక్కువ. మహారాష్ట్రలోని తడోబా, తిప్పేశ్వర్‌లలో చోటు చాలని కుర్రపులులు వాగులు పట్టుకుని, పత్తిచేలు దాటుకుని ఇటు దిగుతాయి. సరిహద్దు కాగితాలేవీ అడక్కుండా.

మాకు పులి కనబడలేదు. కనబడుతుందని నేను చెప్పనూ లేదు. కనబడింది రేసుకుక్కల గుంపు, ఎర్రగా, తోక చివర నల్లటి కుచ్చుతో. రోడ్డు మీద మట్టి వాసన చూసి, మావైపు ఒక చూపు పడేసి, వెదురు పొదల్లోకి దూరిపోయాయి. ఇంకోచోట ఇప్పచెట్టు కింద నేలంతా మైనంముద్దల్లాంటి పూలు రాలి ఉన్నాయి. తెల్లారుజామున ఆ పూల కోసం ఎలుగుబంటి, ఏరుకునే ఆడవాళ్లు ఒకే చెట్టు కిందికి వస్తారు. గుడ్డెలుగుతో పేచీలు పులి పేచీలకంటే ఎక్కువని ఈ ఊళ్లల్లో ఎవర్నడిగినా చెప్తారు.

నాగరాజుకు గోదారి నీళ్లు

జన్నారం మండలంలోనే కలమడుగు దగ్గర గోదారిలో హస్తినమడుగు ఉంది. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో ఏటా పుష్య అమావాస్యకు నాగదేవుడు నాగోబా జాతర జరుగుతుంది కదా. ఆ అభిషేకానికి నీళ్లు ఇక్కణ్నించే పోవాలి. మెస్రం వంశంవాళ్లు కాలినడకన వచ్చి, కలశంలో నీళ్లు ముంచుకుని, కాలినడకనే తిరిగి పోతారు. కొత్తగా పెళ్లై ఆ వంశంలోకి వచ్చిన కోడళ్లను జాతరలో దేవుడికి చూపించే తంతును భేటింగ్ అంటారు. అది జరిగేదాకా కోడలు ఇంటి దేవుడి పూజల్లో కలవదు. జాతరలో దర్బారు పెట్టే పద్ధతి 1940లలో వచ్చింది. కుమ్రం భీం పోరాటం తర్వాత గోండుల మధ్య పనిచేయడానికి నిజాం ప్రభుత్వం పంపిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ దానికి మొదలు.

దీపావళికి దండారి ఆడే గుస్సాడీల నెత్తిమీది నెమలి ఈకల టోపీ చూశారా? దూరం నుంచి అడవిలో చెట్టే కదిలి వస్తున్నట్టుంటుంది. వాళ్లు మొక్కే పద్మల్‌పురి కాకో గుడి కూడా గోదారి ఒడ్డునే, దండేపల్లి మండలం గుడిరేవులో.

పోస్ట్‌మాస్టరు దొరకబట్టిన రాజు

గోదారి దాటి అవతలి ఒడ్డుకొస్తే కోటిలింగాల. పెద్దవాగు గోదారిలో కలిసే చోటు. 1970లలో ధర్మపురికి చెందిన పోస్ట్‌మాస్టరు సంగనభట్ల నరహరి శర్మ గారు ఇక్కడ ఊళ్లోవాళ్లకు దొరికిన పాత నాణేలు కూడబెట్టడం మొదలుపెట్టారు. రాగి బిళ్లలు, తుప్పు, మీద ఏవో గీతలు. వాటిని శాసనాల పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు చదివారు. ఒక నాణెం మీద "సిరి చిముక" అని ఉంది. పురాణాల్లో మొదటి శాతవాహన రాజు పేరు సిముకుడు. అంతకుముందు నానాఘాట్ గుహలో బొమ్మ పైన రాసిన పేరుగా తప్ప ఆయన ఉన్నాడనడానికి గట్టి ఆనవాలు లేదు. ఇంకొన్ని నాణేల మీద అసలు ఏ పుస్తకంలోనూ లేని రాజులు దొరికారు. గోబద, నారన, కంవాయసిరి, సమగోప. పేర్లు తప్ప వాళ్ల గురించి మరో ముక్క తెలియదు.

ఆ తర్వాత వి.వి. కృష్ణశాస్త్రి గారి ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. శాతవాహనులు పుట్టింది ఇక్కడా, మహారాష్ట్రలోనా అన్న తగాదా మాత్రం తెగలేదు. ఎల్లంపల్లి ప్రాజెక్టు కట్టాక కోటదిబ్బలో కొంత భాగం నీళ్లపాలైంది. మేం పోయినప్పుడు గట్టు మీద నిలబడితే నీళ్లలోంచి ఒక తుమ్మచెట్టు కొమ్మలు మాత్రం పైకి కనిపించాయి. కొమ్మకొమ్మకూ నీటికాకి, రెక్కలు ఆరేసుకుంటూ.

శాతవాహనుల్లో హాలుడికి లంకతో పెళ్లి చుట్టరికం కూడా కట్టారు కవులు. కుతూహలుడు ప్రాకృతంలో రాసిన లీలావతి కావ్యంలో సింహళ రాజు కూతురు లీలావతిని హాలుడు సప్తగోదావరి భీమేశ్వరంలో పెళ్లాడతాడు. చరిత్ర అని కాదు, మన గోదారి పెళ్లికొడుక్కు పిల్లను వెతకాలంటే కవికి లంకే తోచింది చూడండి.

గొడుగుపట్టిన పాము

ధూళికట్ట పెద్దపల్లి జిల్లాలో, హుస్సేన్‌మియా వాగు ఒడ్డున. ఒక మట్టికోట, దానికి కాస్త దూరంలో స్తూపం. 1970లలోనే కృష్ణశాస్త్రి గారు తవ్వించారు. స్తూపం చుట్టూ సున్నపురాతి పలకలు నిలబెట్టి ఉండేవి. వాటిలో జనం ఎక్కువగా చెప్పుకునేది ముచలిందుడి పలక. జ్ఞానోదయం తర్వాత బుద్ధుడు ధ్యానంలో ఉండగా ఏడు రోజులు ముసురు పట్టిందట. ముచలిందుడనే నాగరాజు చుట్టలు చుట్టుకుని, పడగ గొడుగుగా పట్టాడు. పలక మీద పాము చుట్టలు ఒకదాని మీదొకటి, పైన విప్పారిన పడగలు. బుద్ధుడి మనిషి రూపం లేదు. ఆ కాలానికి ఇంకా బుద్ధుణ్ణి మనిషిగా చెక్కడం మొదలుకాలేదు. మొహం లేకుండా కథ చెప్పాలి, చెప్పారు.

కేస్లాపూర్‌లో పుట్ట, ధూళికట్టలో పలక. మధ్య రెండువేల ఏళ్లు, రెండు మతాలు, రెండు భాషలు. ఒకదానికొకటి చుట్టమని చెప్పే సాహసం నేను చేయను. పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేను కూడా.

దగ్గర్లోనే పెద్దబంకూరు. అక్కడ కోట లేదు గానీ బావులు బాగా దొరికాయి, ఇటుకలవి, మట్టి ఒరలు దించినవి. వేలకొద్దీ శాతవాహన నాణేలు, వాటితోపాటు రోమ్ నాణేలు కూడా. కరీంనగర్ మ్యూజియంలో వీటిలో కొన్ని చూడొచ్చు. 

లంకలో తెలుగు మాట్లాడే పాములవాళ్లు

పాము మాటొచ్చింది కాబట్టి. శ్రీలంకలో తెలుగు ఇంటిభాషగా ఉన్నవాళ్లు ఉన్నారని మావాడికి తెలియదు. సింహళంలో వాళ్లను అహికుంటక అంటారు. పాములాడించడం, కోతులాడించడం, చేయి చూసి జాతకం చెప్పడం వాళ్ల కులవృత్తి. తాటాకు గుడిసెలు వేసుకుని, గాడిదల మీద సామానుతో ఊరూరా తిరిగేవారు. ఇప్పుడు కలావెవ, కుడాగమ లాంటి చోట్ల స్థిరపడ్డారు. రాసుకోవడానికి లిపి లేదు, బడిలో సింహళమో తమిళమో. ఇంట్లో మాత్రం తెలుగు.

వాళ్లు ఒక కొస అయితే, ఇంకో కొసన రాజులు. 1739 నుంచి 1815 దాకా క్యాండీని ఏలిన నాయక్కర్ వంశం మధుర వైపు నుంచి పోయిన తెలుగు మూలాలవాళ్లది. వాళ్లలో కీర్తి శ్రీ రాజసింహుడి కాలంలోనే, 1753లో, సియాం నుంచి ఉపాలి థేరుణ్ణి రప్పించి, లంకలో తెగిపోయిన భిక్షుదీక్షను మళ్లీ నిలబెట్టారు. చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుణ్ణి ఇంగ్లీషువాళ్లు 1815లో పట్టుకుని వేలూరు కోటలో పెట్టారు. 1832లో అక్కడే పోయాడు.

వెయ్యి ఏనుగుల నుంచి ఒక్క ఏనుగుకు

ఏనుగు కథ ఇంకా ఉందన్నాను కదా. రోమ్ రచయిత ప్లినీ ఆంధ్రుల గురించి రాస్తూ, ప్రాకారాలున్న నగరాలు 30, కాల్బలం లక్ష, గుర్రాలు రెండువేలు, ఏనుగులు వెయ్యి అన్నాడు. మెగస్తనీస్ చెప్పిన లెక్కే అది అంటారు. ఆ ముప్పై నగరాల్లో ధూళికట్ట ఒకటని మన పురావస్తు శాఖవాళ్ల ఊహ.

ఇప్పుడు తెలంగాణ అడవిలో అడవి ఏనుగు స్థిరంగా లేదు. అందుకే 2024 ఏప్రిల్‌లో ఒక మగ ఏనుగు ఒంటరిగా ప్రాణహిత ఈది ఆసిఫాబాద్ జిల్లాలోకి వస్తే ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. ఛత్తీస్‌గఢ్ నుంచి గడ్చిరోలికి వచ్చిన మందలోంచి విడిపోయిందది. మిరపచేలో ఒకరిని, మర్నాడు పొలం దగ్గర ఇంకొకరిని చంపింది. ఆ ఊళ్లవాళ్లకు పులితో ఎలా మెలగాలో తెలుసు. ఏనుగంటే గుడి ముందర అరటిపండు తీసుకునే జంతువే. తర్వాత అది వచ్చిన దారినే నది దాటి వెళ్లిపోయింది.

ప్రాణహిత పొడవునా ఇలాంటివి చాలా ఉన్నాయి, అటు పోవడానికి మాకు పొద్దు చాలలేదు. బెజ్జూరు అడవిలో, ఇంకో పెద్దవాగు ప్రాణహితలో కలిసే చోట పాలరాపు గుట్ట ఉంది. దాని నిట్టనిలువు రాతిగోడకు పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టుకున్నట్టు 2013లో కనిపెట్టారు. పశువులకు వేసే డైక్లోఫెనాక్ మందు, చచ్చిన పశువు మాంసంతో రాబందు కడుపులోకి పోయి కిడ్నీలను పాడుచేస్తుంది. దేశంలో తొంభై శాతానికి పైగా రాబందులు అలాగే పోయాయి. 2006లో పశువైద్యంలో ఆ మందు మానిపించారు. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పిట్ట అది. పోయినంత తొందరగా తిరిగి రాదు.

ఇంకా వెనక్కి పోవాలంటే వేమనపల్లి. 1988లో శాస్త్రవేత్త పి. యాదగిరి ఒక రాకాసిబల్లికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఆ రెండో పేరులో ఉన్నది ఈ ఊరే. సుమారు పద్దెనిమిది కోట్ల ఏళ్ల కింద ఇక్కడ మేసిన శాకాహారి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో దాని అస్థిపంజరం కింద నిలబడి పిల్లలు ఫొటోలు దిగుతుంటారు. అది మన మంచిర్యాల జిల్లా బిడ్డ అని అక్కడ ఎంతమందికి తెలుసో!

ఎల్ మడుగు

ఆఖరి మజిలీ మంథని దగ్గరి శివ్వారం. గోదారి అక్కడ ఇంగ్లీషు ఎల్ అక్షరంలా మళ్లుతుంది, అందుకే ఎల్ మడుగు. ఎండాకాలం కూడా ఎండని లోతు. అందులో మొసళ్లు ఉంటాయి. ముప్పై చదరపు కిలోమీటర్లకు కొంచెం తక్కువ ఈ అభయారణ్యం. చిన్నదే గానీ ఊరు మాత్రం దీన్ని మర్చిపోదు. ఇక్కడ బట్టలుతికే ఆడవాళ్లు నీళ్లలోకి దిగేముందు ఒక రాయి విసురుతారు.

శ్రీలంక చెరువుల్లోనూ ఇదే మొసలి. సింహళంలో కింబుల అంటారు. దాని ఆకారంలో చేసి, పైన పంచదార అద్దిన బన్ను అక్కడి బేకరీల్లో దొరుకుతుంది, కింబుల బనిస్ అని. ఈ సంగతి మాత్రం మావాడికి నచ్చింది.

సాయంత్రం బండ మీద కూర్చున్నాం. ఎదర ఇసుకతిన్నె మీద ఒక మొద్దు పడి ఉంది. పావుగంట చూశాం. మొద్దే అని మావాడు, కాదని నేను. ఒక కొంగ దాని పక్కకు నడిచి వచ్చి, ఆగి, మెడ పొడుగు చేసి చూసి, చుట్టూ తిరిగి దూరంగా పోయింది. అప్పుడు మొద్దు నోరు తెరిచింది. ఎంత తీరిగ్గా తెరిచిందంటే, చీకటి పడుతున్నా లోపల లేత పసుపు కనిపించింది. అలా తెరిచే ఉంచింది. మొసలి ఒంటికి చెమట పట్టదు, వేడి పోవాలంటే నోరు తెరుచుకుని పడుకోవడం ఒక మార్గం.

మావాడు మాట్లాడలేదు. తిరిగొచ్చేదాకా ఫోన్ కూడా తీయలేదు.

దసరా తర్వాత వాడు స్నేహితులతో కలిసి శ్రీలంక పోయాడు. వెళ్లేముందు నన్నూ రమ్మని ఒకమాట అడిగాడు, నేను వద్దన్నాను. వారం రోజులూ ఫొటోలు పెడుతూనే ఉన్నాడు. బోధివృక్షం, చిరుత, అలువిహారంలో తాటాకు మీద గంటంతో రాసి చూపించే మనిషి. ఐదో రోజు అనురాధపురం బజారు నుంచి ఒక గ్లాసు ఫొటో వచ్చింది. చిక్కటి మట్టిరంగు రసం, పక్కన పగలగొట్టిన తెల్లటి డిప్ప. ఇక్కడ దివుల్ అంటారట అని రాశాడు. ఆ వెంటనే ఫోన్ చేశాడు.

"మామా, వెలగపండే. బెల్లం వేసి ఇస్తున్నారు. నువ్వు ఉండాల్సింది."